కింద గది గొంతు

పోయిన వారం మనం పిచ్చుకను స్టూడియో మెట్ల మీద వదిలేసి వచ్చాం. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి, ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎందుకలా కూలబడిందో మర్చిపోయినవాళ్ళకీ, ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళకీ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

"తుప్పు" అని ఒక బ్యాండు. ముగ్గురే మనుషులు. పాటలు కట్టేదీ, పాడేదీ పిచ్చుక. మనిషి పిడికెడు, గొంతు ఇంటెడు కావడంతో అసలు పేరు పోయి ఆ పేరే ఖాయమైపోయింది. గిటారు రేడియో డాక్టరుది. ఇతగాడు మందులిచ్చే డాక్టరు కాదు. పాత రేడియోలు బాగుచేస్తాడు, బాగుపడని వాటి గరగరలు తెచ్చి గిటారులో కలుపుతాడు. మూడోవాడు మేస్త్రి. నిజంగానే గోడలు కట్టే మేస్త్రి. డ్రమ్ములతో పాటు ఇనప రేకులూ, సిమెంటు తొట్లూ కూడా వాయిస్తాడు. వీళ్ళ పాట మొదటిసారి విన్నవాళ్ళు, ఇనప సామాన్ల కొట్లో పిల్లులు పోట్లాడుకుంటున్నాయా అని అడుగుతారు. రెండోసారి విన్నవాళ్ళు ఏమీ అడగరు. ఇంకోసారి వినిపించమంటారు, అంతే.

వాళ్ళ మొదటి ఆల్బం ఇది. ఎనిమిది పాటలు. ఆరు వారాలుగా పెద్దాయన స్టూడియోలో కూర్చుని ఏడు పూర్తిచేశారు. శనివారం పెద్దాయన తాళాలు అప్పగించేస్తాడు, సోమవారం నుంచి భవనం కూలగొడతారు. మిగిలింది ఎనిమిదో పాట. బుధవారం పొద్దున డాక్టరు ఆ పాటలోంచి ఒక్కొక్క ఛానలే మూసేస్తూ, చివరికి ప్రతిధ్వని ఛానల్ ఒక్కదాన్నే ఉంచి వింటే, అందులో వినబడ్డది పిచ్చుక గొంతు కాదు. ఇంకెవరో ఆడమనిషి. అదే పాట, అవే మాటలు. కాకపోతే పిచ్చుక కంటే ఒక్క క్షణం ముందు పాడుతోంది. అరుపు కంటే ముందు ప్రతిధ్వని వచ్చినట్టు.

అదీ సంగతి. ఇక గురువారంలోకి వద్దాం.

పొద్దున పది గంటలకి ముగ్గురూ కన్సోల్ ముందు చేరారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో మీటల మీది దుమ్ము స్పష్టంగా కనబడుతోంది. వీధిలో కూరల బండివాడి కేకలు వినబడుతున్నాయి. ఇలాంటి వెలుగులో ఎవరికీ భయం వెయ్యకూడదు. అయినా మేస్త్రి తన కుర్చీని గోడకి ఆనించి కూర్చున్నాడు, వెనక ఎవరూ నిలబడే వీలు లేకుండా.

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు," అన్నాడు డాక్టరు. "పెద్దాయన మనకిచ్చినవి వాడేసిన టేపులు. ఎప్పుడో ఎవరో పాడుకున్న పాట సరిగ్గా చెరక్క అడుగున మిగిలిపోయుంటుంది. పలక ఎంత తుడిచినా పాత అక్షరం కనబడుతుంది చూడు, అలాగ."

"మరి ఆ పాత అక్షరం నా పాటే ఎందుకు పాడుతోంది?" అంది పిచ్చుక.

డాక్టరు లేచి సంచిలోంచి కొత్త టేపు ఒకటి తీశాడు. పై కాగితం అందరి ఎదుటా చించి, చుట్టని మిషనుకి ఎక్కించాడు.

"దీని మీద ఈగ కూడా వాలలేదు. డ్రమ్ములొద్దు, గిటారొద్దు. నువ్వొక్కదానివే వెళ్ళి పాడు. ఇందులో ఆ గొంతు రాదు. రాకపోతే మన గొడవ తీరిపోయినట్టే."

పిచ్చుక అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎర్రదీపం వెలిగింది. ఈ పాట ఆమెకి నాలుగేళ్ళ కిందట బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉండగా వచ్చింది. కట్టిన పాటలా కాకుండా, ఎవరో చేతిలో పెట్టి వెళ్ళినట్టు మొత్తంగా వచ్చేసింది. ఉన్నది ఒకటే చరణం. రెండోది రాద్దామని నాలుగేళ్ళుగా కూర్చుంటూనే ఉంది, ఒక్క ముక్క పడలేదు. అందుకే ఒక చరణం పాడి ఆపేసి, ఆ పైన మూడు నిమిషాలు రేకుల చప్పుడూ రేడియో గరగరా పెడదామని అనుకున్నారు.

*గుమ్మంలో దీపం ఉంచు, వస్తున్నా*
*దారి తెలిసినదాన్నే, వస్తున్నా*

పాడడం అయిపోయింది. పిచ్చుక నోరు మూసుకుని, బాగుందా అన్నట్టు అద్దం అవతలికి చూసింది. ఇద్దరూ ఆమె వైపు చూడడం లేదు. కన్సోల్ మీద, ప్రతిధ్వని ఛానల్ పైనున్న చిన్న సూది వైపు చూస్తున్నారు.

సూది ఇంకా ఊగుతోంది.

ఆమె తలుపు తోసుకుని ఇవతలికి వచ్చింది. స్పీకర్లలో ఆ గొంతు పాడుతూనే ఉంది. పిచ్చుక ఆపేసిన చోట ఆపకుండా ముందుకు వెళ్ళిపోయింది.

*నీళ్ళు మోకాలు దాటాయి, వస్తున్నా*
*తలుపొక్కటి తియ్యండి, వస్తున్నా*

అంతే. ఆ తర్వాత సూది మెల్లగా పడుకుంది. కొత్త టేపు మాత్రం చుట్టలు చుట్టలుగా తిరుగుతూనే ఉంది.

మేస్త్రి తన వెనకున్న గోడని అరచేత్తో తడిమాడు. "చెల్లెమ్మా, పదహారో ఏట తాపీ పట్టాను. గోడలు మాట్లాడవని ఎవరి దగ్గరైనా ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇవాళ్టి నుంచి చెప్పను."

డాక్టరు నోరు తెరవబోయాడు. అంతలో ముందు గదిలో కుర్చీ దభాలున పడ్డ చప్పుడైంది.

ముందు గది పెద్దాయనది. ఒకప్పుడు ఈ స్టూడియోలో చీమ చిటుక్కుమన్నా కనిపెట్టేసేవాడట. ఇప్పుడు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవికి మిషను పెట్టుకుంటాడు. అందుకే పిల్లలకి తాళాలిచ్చేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. లోపల ఆకాశం విరిగి పడ్డా ఆయనకి పట్టదు. అలాంటి మనిషి ఇప్పుడు లేచి నిలబడి ఉన్నాడు. పేపరు నేల మీద పడి ఉంది. గుమ్మంలో పిచ్చుక వాళ్ళమ్మ నిలబడి ఉంది.

అమ్మ బట్టలు కుడుతుంది. వీధి గదే ఆమె దుకాణం. పొద్దున పదింటికి మిషను వదిలి బయటికి రావడమనేది పిచ్చుక పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి బస్సెక్కి వచ్చేసినట్టుంది. జాకెట్టు అంచుకి రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

"నువ్వా?" అన్నాడు పెద్దాయన.

"నేనే అన్నయ్యా."

పిచ్చుకకి ఆ మాట చెవిన పడ్డా మనసుకి ఎక్కలేదు. అమ్మకి అన్నదమ్ములు లేరు. ఎవర్నీ అన్నయ్యా అని పిలవగా వినలేదు.

"ఈ పిల్ల నీ కూతురా?" పెద్దాయన పిచ్చుకని ఎగాదిగా చూశాడు. "ఆరువారాలుగా నా కళ్ళ ముందే తిరుగుతోంది. నడక చూసైనా పోల్చుకోలేకపోయాను."

"నాకూ తెలీదు. స్టూడియో అంది, ఏ స్టూడియో అని నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని." అమ్మ కూతురి వైపు తిరిగింది. "నిన్న సాయంత్రం ఫోనులో వినిపించావే, అది ఇంకోసారి పెట్టు."

నిన్న జరిగింది ఇదీ. పిచ్చుక ఆ గొంతుని ఫోనులోకి ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళింది. అమ్మ అంచు కుడుతుంటే పక్కన పెట్టి, "ఇది ఎవరి గొంతులా ఉందమ్మా?" అని అడిగింది. మిషను ఆగిపోయింది. "ఆపెయ్" అని ఒక్క మాట అనేసి, అమ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పాటలంటేనే గిట్టదు కదా, అదే కోపం కాబోలనుకుంది పిచ్చుక. ఇంట్లో ఎప్పుడు గొంతు విప్పినా అమ్మ కత్తెర టకటకలాడించేది, కావాలని వినకుండా.

అందరూ కన్సోల్ గదిలోకి వచ్చారు. డాక్టరు కొత్త టేపుని వెనక్కి తిప్పి వదిలాడు.

మొదటి చరణం మొదలైంది. రెండు గొంతులు వచ్చాయి. పిచ్చుక టేపు వినడం లేదు. అమ్మ పెదాలు చూస్తోంది. అవి కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, ఒక్క మాట తడబడకుండా ఆ పాట పాడుకుంటున్నాయి. "వస్తున్నా" దగ్గర పిచ్చుక ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడే అమ్మ కూడా తీసుకుంది.

రెండో చరణం వచ్చింది. పెదాలు ఆగిపోయాయి.

"ఇది లేదు," అంది అమ్మ. "పాటలో ఇది లేదు. మేము రాసింది ఒక్క చరణమే."

"మేమంటే?" పిచ్చుక గొంతు తనకే కొత్తగా వినబడింది. "మేమంటే ఎవరమ్మా? ఇది నా పాట. బస్సులో నాకొచ్చిన పాట."

"నీ పాట కాదే తల్లీ."

మేస్త్రి నేల వైపు చూశాడు. డాక్టరు ఏదో మీట సర్దుతున్నట్టు నటించాడు. ఎవరి బిడ్డనో ఇన్నాళ్ళూ నా బిడ్డే అనుకుని ఎత్తుకు తిరిగినదానికి ఎలా ఉంటుందో, పిచ్చుకకి అలా ఉంది. ఆల్బం మొత్తానికి ఈ పాటే ప్రాణం. మిగతా ఏడూ దీని కోసమే వరసగా పేర్చుకుంటూ వచ్చారు.

"నీకు ఏడాది నిండింది. ఒకటే జ్వరం. మూడు రోజులు ఏడుపు ఆపలేదు," అంది అమ్మ. "ఒక్కసారంటే ఒక్కసారి, చెవి దగ్గర పాడాను. నిద్రపోయావు. ఆ తర్వాత మళ్ళీ నా నోటంట పాట రాలేదు. నీకేం గుర్తుంటుందిలే అనుకున్నాను. నాలుగేళ్ళ కిందట నువ్వు వంటింట్లో ఇది మొదటిసారి పాడినప్పుడు, పొయ్యి మీద గిన్నె వట్టి చేతుల్తో పట్టుకున్నాను. అరచెయ్యి కాలింది. కాలిందని కూడా తెలీలేదు."

"చెప్పొచ్చుగా!"

"చెబితే మిగతాది కూడా చెప్పాలి."

పిచ్చుకకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు పాడేదానివా? నువ్వు? నేను పాడుతుంటే చెవుల్లో దూది పెట్టుకున్నంత పని చేసేదానివి! ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నా గొంతు నీ గొంతేనని ఒక్కసారి అనడానికి నీకు నోరు రాలేదా?"

ఆ కేకల మధ్యలో పెద్దాయన మెల్లగా ముందుకొచ్చాడు. అంతవరకూ ఆయనకి వీళ్ళ పెదాల కదలిక తప్ప పాట సరిగా అందలేదు. చెవి మిషను తీసి జేబులో వేసుకుని, "నాకూ వినిపించండర్రా" అన్నాడు. డాక్టరు హెడ్‌ఫోన్లు తగిలించి, ధ్వని పూర్తిగా పెంచాడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. వింటూ వింటూ ఆ పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా కిందపెదవి బిగించాడు. హెడ్‌ఫోన్లు తీసి చెవి మిషను మళ్ళీ పెట్టుకుని, అందరూ ఎరిగిన సంగతి చెప్పినట్టు అన్నాడు.

"ఇది మువ్వ. మా చెల్లెలు."

కథ అమ్మే చెప్పింది. మధ్యలో అందుకోవలసిన చోట పెద్దాయన అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇరవై నాలుగేళ్ళ కిందట అమ్మా మువ్వా ప్రాణస్నేహితులు, ఇద్దరికీ కలిపి ఒక బ్యాండు ఉండేది. అప్పట్లో ఆడపిల్లలు అలాంటి పాటలు పాడడమే వింత. గిన్నెలు, గొలుసులు, కుట్టుమిషను చప్పుడు, అన్నీ పాటల్లోకి తెచ్చేవాళ్ళు. పెద్దాయన అప్పుడు చిన్నాయన. చెల్లెలి ముచ్చట కోసమే ఈ స్టూడియో మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఇది బట్టలకి రంగులద్దే కార్ఖానా. నేల కింద పెద్ద నీళ్ళ తొట్టి ఉండేది. చాలాకాలంగా ఎండిపోయి ఉంది. మెట్లు దిగి, తలుపు తీసుకుని లోపల నిలబడి చిటికె వేస్తే ఆ చిటికె నాలుగైదు సార్లు తిరిగొచ్చేది. దానికి "కింద గది" అని పేరు పెట్టుకుని, ఒక స్పీకరు, ఒక మైకు అక్కడ దింపారు. పైన పాడితే కింద మోగేది.

"మా మొదటి ఆల్బమే అది," అంది అమ్మ. "ఎనిమిది పాటలు. ఏడయ్యాయి. ఎనిమిదో పాటకి మువ్వ మొండికేసింది. పైన పాడి కింద మోగించడం కాదు, నేనే కిందికెళ్ళి పాడతానంది. మధ్యాహ్నం మూడు గంటలు. నేనిక్కడే, ఈ కుర్చీలోనే కూర్చున్నాను. తన చెవుల్లో హెడ్‌ఫోన్లు. ఈ బొత్తాం నొక్కితే నా మాట తనకి వినబడుతుంది."

కన్సోల్ చివరనున్న తెల్ల బొత్తాన్ని ఆమె చూపించింది కానీ ముట్టుకోలేదు.

"ఒకసారి పాడింది. మధ్యలో నవ్వుతూ, 'ఏమే, కాళ్ళకి నీళ్ళు తగులుతున్నాయే' అంది. వీధిలో గొట్టం పగిలి గోడలోంచి ఊరుతోందని మాకెలా తెలుస్తుంది? పాటలో నీళ్ళ చప్పుడు కలిసింది. గలగలమని ఎంత బాగుందో. నేను బొత్తాం నొక్కి, 'అద్భుతంగా ఉందే, ఇంకోసారి పాడు' అన్నాను."

అమ్మ మెడలోని కొలతల టేపుని వేలికి చుట్టుకుంది.

"ఇంకోసారి పాడింది. మధ్యలో దబదబమని చప్పుడు మొదలైంది. తలుపు కొడుతోంది. మేము తాళం వేస్తోందనుకున్నాం. మంచి లయలో ఉందనుకున్నాం. కాలితో నేను కూడా తాళం వేశాను."

మేస్త్రి చేతిలోని డ్రమ్ముపుల్లల్ని తీసి కుర్చీ కింద పెట్టేశాడు.

"గోడ ఒక్కసారిగా కూలింది," అన్నాడు పెద్దాయన. "తలుపు లోపలి వైపుకి తెరుచుకునేది. నీళ్ళు దాన్ని లోపల్నుంచి అదిమి పట్టేశాయి. నేను భుజం విరిగేదాకా తోశాను. చీపురుపుల్లంత కూడా కదల్లేదు."

"నేను మెట్లు దిగేసరికి అన్నయ్య తలుపు దగ్గర కూలబడి ఉన్నాడు. చేతుల నిండా నెత్తురు," అంది అమ్మ. "నేను 'ఇంకోసారి' అనకపోతే అది మొదటిసారికే పైకి వచ్చేసేది. మా అమ్మకి చెప్పలేదు, మీ నాన్నకి చెప్పలేదు. నీకెలా చెప్పనే? నీ గొంతు విన్నప్పుడల్లా నాకు బొత్తాం నొక్కిన వేలు నొప్పెడుతుంది."

పిచ్చుక కోపం ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకే తెలీదు. వెళ్ళి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. అరచేతిలో పాత కాలిన మచ్చ గరుకుగా తగిలింది.

పెద్దాయన ముక్కు చీది, మామూలు గొంతు తెచ్చుకున్నాడు. "అది సరే, ఆ రోజు టేపులన్నీ నేనే తగలబెట్టాను. మీకీ గొంతు ఎక్కడ దొరికింది?"

డాక్టరు తేలు కుట్టిన దొంగలా చూశాడు. "అదీ... మీరు మొదటి రోజే చెప్పారు సార్. ఈ చివరి ఛానల్ పాడైపోయింది, ముట్టుకోవద్దని. నేను పాడైపోయిన వస్తువుని చూస్తే ఊరుకోలేను కదా. మీటని పైకి తోశాను. తోస్తే ఎంత మంచి ప్రతిధ్వని వచ్చిందంటే... ఆరువారాల నుంచి అన్ని పాటలకీ అదే వాడుతున్నాం. ఇప్పుడు మీరు చెప్పిన ఆ కింద గది నుంచే వస్తోంది కాబోలు."

"కింద గది నుంచా?"

"అవును సార్."

"కింద గది లేదురా." పెద్దాయన ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "అదే నెలలో లారీలతో ఇసక తెప్పించి కప్పు దాకా నింపించాను. పైన గచ్చు చేయించాను. ఆ వైరు నా చేత్తో నేనే కోసేశాను."

డాక్టరు టార్చి నోట కరుచుకుని కన్సోల్ వెనక్కి పాక్కుంటూ వెళ్ళాడు. వైర్లు లాగుతున్న చప్పుడు, తుమ్ములు, ఆ తర్వాత నిశ్శబ్దం. వెనక్కి వచ్చినప్పుడు అతని చేతిలో బారెడు నల్ల వైరు ఉంది. దాని ఒక కొస కన్సోల్ వెనకాల బిగించి ఉంది. రెండో కొస కోసి, నల్ల టేపుతో చుట్టి ఉంది. టేపు పాతబడి, బంక ఎండిపోయి, చెయ్యి తగలగానే పెళ్ళలుగా రాలింది. దాని అవతల ఏమీ లేదు.

డాక్టరు ఏం తోచక ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. తలుపు తెరిచే ఉన్న అద్దాల గదిలోని మైకు దాన్ని అందుకుంది. స్పీకర్లలో ఆ చప్పుడు లోతుగా, తడిగా, నాలుగుసార్లు తిరిగొచ్చింది.

అతను వైరుని పాములా విదిలించి వదిలేశాడు. పెద్దాయన చెవి మిషను మళ్ళీ పీకి జేబులో వేసుకున్నాడు.

"ఏడు పాటలు చాలు," అన్నాడు మేస్త్రి లేచి నిలబడి. "సర్దండి. ఎనిమిదోది వద్దు. ఎనిమిది లేకపోతే ఆల్బం కాదని ఎవడన్నాడు? పిచ్చుకమ్మా, లే."

"ఏడింటిలోనూ ఆ గది ఉంది మేస్త్రీ," అంది పిచ్చుక. "ఆరువారాలుగా మనం ఆవిడ గదిలోనే పాడుతున్నాం. తెలిసిందీ ఇవాళే, మనం పారిపోతున్నదీ ఇవాళే."

"పారిపోక? హారతిచ్చి పిలుస్తామా?"

డాక్టరు కరెంటు మీట మీద చెయ్యి వేశాడు. అంతలో సూది కదిలింది. టేపు తిరగడం లేదు. ఎవరూ పాడడం లేదు. ఛానల్లో అలికిడి వినిపించింది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పైనుంచి మాట కోసం కాచుకున్న మనిషి అలికిడి. చిన్న దగ్గు. తర్వాత ఆ గొంతు మళ్ళీ మొదలుపెట్టింది.

*గుమ్మంలో దీపం ఉంచు, వస్తున్నా...*

"ఇంకోసారి పాడుతోంది," అంది అమ్మ. "నేను పాడమన్నాను. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ళుగా పాడుతూనే ఉంది."

ఆమె కుర్చీని ముందుకి జరుపుకుంది. పిచ్చుక ఆపుదామని చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో వదిలేసింది. అమ్మ కుడిచేతి చూపుడు వేలు తెల్ల బొత్తాం మీద ఆనింది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ వేలు.

"మువ్వా," అంది అమ్మ.

పాట ఆగింది.

"చాలా బాగా పాడావే. ఇంకోసారి అక్కర్లేదు. మొదటిసారే బాగుంది. నేనే తప్పు చెప్పాను. ఇంక చాలు, పైకి వచ్చెయ్."

బొత్తాం వదిలింది. స్పీకర్లలో నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు. అది కూడా సన్నగా, దూరంగా ఉంది. పిచ్చుకకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ భుజాలు మొదటిసారి కిందికి దిగాయి, ఏళ్ళ తరబడి మోసిన నీళ్ళబిందె దించినట్టు. ఇక్కడితో అయిపోయిందని అందరికీ అనిపించింది. మేస్త్రి కూడా తలుపు దగ్గర ఆగి నిట్టూర్చాడు.

అప్పుడు స్పీకర్లలోంచి మాట వచ్చింది. పాట కాదు, మాట. ఇరవై ఏళ్ళు దాటని ఆడపిల్ల గొంతు. కాస్త ఆయాసం, కాస్త విసుగు. భయం లేదు.

"అలాగేనే, వస్తా. అన్నయ్యని వచ్చి గడియ తియ్యమను. రికార్డింగులో ఎవరూ తోసుకుని రాకుండా బయట పెట్టాడుగా."

నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

పెద్దాయనకి ఈ మాట వినబడే వీలు లేదు. ఆయన చెవి మిషను ఇంకా జేబులోనే ఉంది. అయినా ఆయన రెండు చేతులూ వాటంతటవే పైకి లేచి, గాలిలో, భుజం ఎత్తులో, ఏదో బరువైన ఇనప బద్దని పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకున్నాయి. పిచ్చుక చూసింది. డాక్టరు చూశాడు.

అమ్మ మాత్రం చాలాసేపు బొత్తాం వైపే చూసి, ఆ తర్వాత కుర్చీలో ఆయన వైపు పూర్తిగా తిరిగింది. చెవిటి మనిషికి కూడా అర్థమయ్యేలా, పెదాలు విడదీసి, నెమ్మదిగా అడిగింది.

"ఆ తలుపుకి బయట గడియ ఉందా అన్నయ్యా?"